తిన్నానని చెప్పిన తిండి

మా ముత్తాత బాగేపల్లి దగ్గర మూడూళ్లకు పటేలు. ఆ ఊళ్ల భూమి శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. ఆయన కొడుకు, అంటే మా తాత, ఆ పదవిలో కూర్చున్న చివరివాడు. తర్వాత పటేలికం రద్దయింది. గుత్తకిచ్చిన భూములు చట్టప్రకారం దున్నేవాళ్లవయ్యాయి. వాళ్లిద్దరూ బక్కపలచని మనుషులేనట. మా వంశంలో మగవాళ్లకు తిన్నది ఒంటికి పట్టదు, తిన్నది తిన్నట్టే కరిగిపోతుంది. అయినా మా ముత్తాత ఛాతీకి ఎవరూ టేపు పెట్టలేదు.

నా ఛాతీకి పెట్టారు. చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. నాన్న పోయాడు, బోరు ఎండింది. నెల జీతం వస్తేనే మాకు మిగిలిన మూడెకరాలూ నిలుస్తాయి. పోలీసు కానిస్టేబులు రాత పరీక్షలో పాసయ్యాను. ఒంటి కొలతలకు మూడు నెలల గడువుంది. నా ఛాతీ చాలదని నాకు తెలుసు.

బాగేపల్లిలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని చింతామణిలో జిమ్ముకు బస్సులో పోయేవాణ్ణి. తీరా చూస్తే దాన్ని నడిపేది ఒకప్పుడు మా భూమి గుత్తకు దున్నినవాళ్ల కొడుకే. నాకన్నా పదేళ్లు పెద్ద. అందరూ అతన్ని అన్నా అనేవాళ్లు. నేను ఏ పిలుపూ లేకుండా మాట్లాడేవాణ్ణి.

మొదటి రోజే అడిగాడు. "ఇంట్లో ఏమేం తింటాండావప్పా?"

మా ఇంట్లో ఒక నియమం ఉంది. బయటివాళ్లు తిండి సంగతి అడిగితే, కడుపు కాలుతున్నా సరే, తిన్నామనే చెప్పాలి. పటేలు ఇంటివాళ్లు పెట్టేవాళ్లే గాని పెట్టించుకునేవాళ్లు కారని అమ్మ చిన్నప్పుడే నేర్పింది.

"పొద్దున నాలుగు గుడ్లు, చెంబుడు పాలు. మధ్యాహ్నం రెండు రాగిముద్దలు. రాత్రికి మాంసం," అన్నాను.

నిజానికి పొద్దున ఒక రాగిముద్ద, ఉలవచారు. రాత్రికి మిగిలితే అదే.

అతను నమ్మాడు. అంత తినేవాడు అంత బరువూ ఎత్తగలడనుకొని రాడ్డుకు ఇనుప బిళ్లలు పెంచుతూ పోయాడు. పరుగు కూడా చేర్చాడు. నెల తిరిగేసరికి కాటా మీద రెండు కిలోలు తగ్గాను.

"తిన్నదంతా యాడికి పోతాందప్పా? కడుపులో పురుగులేమన్నా ఉండాయా?" అని నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "నిజం చెప్పు. తింటాండావా?" అన్నాడు.

"నీకు అబద్ధం చెప్పే కర్మ నాకేముండాది?"

"కోపం వద్దులే పటేలప్పా," అంటూ డబ్బా తెరిచాడు. ఉడకబెట్టిన గుడ్లు, బెల్లం, చెనిక్కాయలు. "మాయమ్మ నీకనే కట్టిచ్చింది. రెండన్నా తిను."

నోట్లో నీళ్లూరాయి. మింగి, "తినే వచ్చినా," అన్నాను.

ఆ డబ్బా రోజూ వచ్చేది. రోజూ అదే మాట చెప్పేవాణ్ణి. ఒకనాడు డబ్బా రాలేదు. ఆ రోజు దాని కోసం కళ్లతో వెతికానని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

కొలతల రోజు చిక్కబళ్ళాపురం మైదానంలో చొక్కా విప్పి వరుసలో నిలబడ్డాను. టేపు పట్టిన పోలీసు ఊపిరి బాగా పీల్చమన్నాడు. పీల్చాను. ఇంకా అన్నాడు. లోపల ఇంకేమీ లేదు. మూడు నెలల కిందట ఉన్నంత కూడా లేదు. "కడుపునిండా తినప్పా," అని కన్నడంలో మెల్లగా చెప్పి, నా వెనకవాణ్ణి పిలిచాడు. ఆ మెత్తదనమే నాకు తిట్టులా తగిలింది. వీపు వంచకుండా గేటు దాకా నడిచాను.

ఇంటికొచ్చి, కొలత చాలలేదని అమ్మకు చెప్పాను. పొయ్యిలో పుల్ల ఎగదోసి అడిగింది.

"ఆ జిమ్ములో నిన్ను తినమని ఎవురూ అడగలేదా?"

"అడిగినారు."

"ఏమన్నావు?"

"తినే వచ్చినానని చెప్పినా."

"మంచి పని చేస్తివి," అంది, మొహం అటు తిప్పుకొని.

ఆ ఎండాకాలం మూడెకరాలూ అమ్మాము. రిజిస్ట్రేషను బాగేపల్లిలోనే, తెలిసినవాళ్లందరి ముందూ జరిగింది.