కొళాయి కింద పళ్ళెం

ధవళేశ్వరంలో రామతులసి రోజూ పడుకునే ముందు పెరట్లో కొళాయి తిప్పి వదిలేసి, దాని కింద ఒక స్టీలు పళ్ళెం బోర్లిస్తుంది. నీళ్ళు రాగానే తొలి ధార పళ్ళెం మీద పడి మోగుతుంది. ఆ చప్పుడుకి ఆమె లేస్తుంది. డెల్టా మొత్తానికి నీళ్ళు పంచే ఆనకట్ట ఉన్న ఊరది. పంచాయతీ కొళాయి రాకపోయినా వీధిలో ఇంటింటికీ బోరుంది. ఆ పళ్ళెం అవసరం అక్కడ ఎవరికీ లేదు. అందుకే పక్కింటి పాపాయమ్మ గోడ మీంచి ఒక మాట విసరకుండా ఉండదు.

"ఏంటే తులసీ, నీ గుడిగంట ఇవాళ పెందలాడే మోగింది?"

"మా ఆయన గురక కన్నా నయమే కదండీ పిన్నిగారూ."

"గోదారి ఒడ్డున పుట్టి నీళ్ళకోసం జాగారం చేసేదాన్ని నిన్నే చూశాను. హైదరాబాదు నిన్ను పాడుచేసి పంపిందే అమ్మా."

2005 వేసవి అది. రామతులసి, ఆమె భర్త గణేష్‌బాబు హైదరాబాదు నుంచి తిరిగొచ్చి రెండేళ్ళయింది. గణేష్‌బాబు ఆఫ్‌సెట్ ప్రెస్సులో మిషను నడుపుతాడు. ఇప్పుడతను పనిచేసే రాజమండ్రి ప్రెస్సుకి పెళ్ళిళ్ళ సీజనులో ఊపిరి సలపదు, సీజను దాటితే మిషను మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆ వారం హైదరాబాదు నుంచి పాత యజమాని ఫోన్ చేశాడు. నాలుగు రంగుల మిషను కొన్నానని, రమ్మని, శనివారంలోగా ఏదో ఒకటి తేల్చమని అడిగాడు.

గణేష్‌బాబుకి వెళ్ళాలని లేదు. ఇక్కడ బస్సు దిగి ఇంటికి నడిచేలోపు నలుగురు ఆపి పలకరిస్తారు. పని లేని రోజున మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి ఓ కునుకు తీస్తాడు. కానీ వద్దని తను చెప్పడం దేనికని, "నువ్వెలాగంటే అలాగేలే. మన పిల్లకి బడి తెరిచేది కూడా జూన్‌లోనే కదా" అన్నాడు. ఆమె వద్దంటుందని అతనికి గట్టి నమ్మకం. హైదరాబాదులో ఆమె మొదటి వారం అతనికింకా గుర్తుంది.

అది 1999. చింతల్ దగ్గర ఒక సందులో నాలుగు పోర్షన్ల ఇల్లు, వాళ్ళది వెనకవైపు రెండు గదులు. ఇల్లుగలావిడ యాదమ్మ. దిగిన మర్నాడు శుక్రవారం. పుట్టింట్లో చేసినట్టే రామతులసి గదులు కడిగి, వాకిలి కడిగి, అంతటితో ఆగక గేటు ముందు రోడ్డు కూడా బకెట్లతో కడిగి ముగ్గు పెట్టింది. ముగ్గు ఆరకముందే నాలుగు పోర్షన్లలోనూ నీళ్ళు ఆగిపోయాయి. నేల కింద సంపులో నిలవ చేసుకున్న నీళ్ళన్నీ రోడ్డు మీదున్నాయి.

యాదమ్మ సంపు మూత ఎత్తి చూసింది. "ఏం పిల్లవమ్మా నువ్వు! నలుగురు వాడుకునే నీళ్ళు రోడ్డుకు పోసినవ్? మీ ఊర్ల గోదారి ఉండొచ్చు, ఈడ ఈ సంపే ఉన్నది. నల్లా మళ్ళ ఎల్లుండి గాని రాదు. నెల పడంగనే ఖాళీ చేయుండ్రి" అంది.

రామతులసి ఆ రాత్రి అన్నం తినలేదు. ఇంటికి వెళ్ళిపోదామని గణేష్‌బాబుతో ఏడ్చింది. ఎల్లుండి అన్నారే గానీ ఆ నల్లా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఒకసారి పొద్దెక్కాక, ఒకసారి తెల్లవారకముందే. ఆదమరిచి నిద్రపోతే సంపు నిండదు, తాగడానికి బిందెడు నీళ్ళుండవు. అప్పుడే ఆమెకు పళ్ళెం ఆలోచన వచ్చింది. గేటు పక్కనున్న నల్లా విప్పి, కింద పళ్ళెం బోర్లించి, కిటికీ తెరిచి పడుకుంది. తెల్లవారుజామున పళ్ళెం మోగింది. ఆమె లేచి అన్ని తలుపులూ కొట్టింది. అందరూ బిందెలతో పరుగెత్తుకొచ్చారు. యాదమ్మ రబ్బరు గొట్టం తెచ్చి సంపులోకి పెట్టింది. నెల పడింది. ఖాళీ చేయమన్న మాట మళ్ళీ రాలేదు. ఉన్న నాలుగేళ్ళూ ఆ ఇంటి నీళ్ళకు కాపు కాసింది రామతులసే.

ఫోన్ వచ్చిన వారంలోనే ధవళేశ్వరంలో రోడ్డు పనుల్లో పైపు పగిలి రెండు రోజులు కొళాయిలు రాలేదు. గురువారం తెల్లవారుజామున పళ్ళెం మోగింది. రామతులసి నిద్రమత్తులోనే చెంగు దోపుకుని వీధిలోకి వెళ్ళి పాపాయమ్మ గేటు బాదింది.

పాపాయమ్మ జుట్టు ముడేసుకుంటూ పరుగున వచ్చింది. "ఎవరికేమైందే?"

"కొళాయొచ్చిందండీ!"

"ఓసి నీ దుంప తెగ! గుండె జారిపోయింది కదే. మాకు బోరుంది కదా, కొళాయి రాని సంగతే నాకు తెలీదు. పోయి పడుకో. అన్నట్టు, రాత్రి వంకాయ మాడ్చినట్టున్నావు, వీధంతా వాసన."

అవతలింట్లోవాళ్ళు తలుపే తీయలేదు. "ఇప్పుడు అక్కర్లేదులెండి" అని లోపల్నుంచే అన్నారు.

రామతులసి ఇంటికొచ్చి బిందెలు నింపింది. నిండాక కూడా కొళాయి దగ్గరే కూర్చుంది. ఈ వీధిలో ఆమె ఏం వండిందో, ఎవరింటికి పేరంటానికి వెళ్ళిందో అందరికీ తెలుసు. తిరిగొచ్చిన కొత్తలో ఆ పలకరింపులకే ఆమె ప్రాణం లేచొచ్చింది. హైదరాబాదులో రేకుల కప్పు కింద వేసవి నరకం. ముందు పోర్షన్ ఆవిడకు ఆఖరుదాకా ఆమె పేరు తెలియదు, 'రాజమండ్రక్కా' అనేది. కానీ ఆమె తలుపు కొట్టకపోతే ఆవిడ పిల్లలు స్నానం లేకుండా బడికి పోయేవాళ్ళు. ఇక్కడ తను కొట్టినా ఎవరికీ అక్కర్లేదు. ఈ ముక్క భర్తకు ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. చెప్పలేదు కూడా.

శనివారం ఉదయం గణేష్‌బాబు, "అయితే రానని చెప్పేస్తున్నా" అంటూ సెల్‌ఫోన్ తీశాడు.

"ముందు యాదమ్మగారికి కలిపివ్వండి" అంది.

అతను ఆమె మొహం చూశాడు. నెంబరు కొట్టి ఇచ్చాడు.

"ఎవరు, తులసా? మంచిగున్నరా అందరు?"

"బాగున్నామండి. మేమున్న పోర్షను ఖాళీగా ఉందాండి?"

"అది లేదు గాని ముందటిది ఖాళీ ఉన్నది. వస్తరా ఏంది?"

"నల్లా ఎన్నాళ్ళకొస్తోందండి ఇప్పుడు?"

"అయ్యో, అప్పటి లెక్క కాదు బిడ్డా. అప్పుడు దినం తప్పి దినం వస్తుండె, ఇప్పుడు మూడు దినాలకొకపారి."

రామతులసి ఫోన్ భర్త చేతికిచ్చింది. హైదరాబాదు నుంచి తెచ్చిన నీలం నీళ్ళ డ్రమ్ము వంటింటి మూల ఉంది. రెండేళ్ళుగా అందులో బియ్యం పోస్తున్నారు. ఆమె మూత తీసి లోపలికి చూసింది.

"ఈ బియ్యం గోతంలోకి ఎత్తండి" అంది. "ఇదొక్కటే చాలదు. రెండు డ్రమ్ములు కావాలి."