తిరగబెడుతుందేమోనని

దర్జీ పని చేసే ఆ తల్లి చేతులు ఊరికే ఉండవు. కూతురికి జడ వేస్తూనే మెడ కింద బిళ్లలేమైనా తగులుతున్నాయేమోనని తడుముతుంది. గౌను కొలతల నెపంతో ఒంటిమీద మచ్చలు వెతుకుతుంది. పసితనంలో పిల్లకు బ్లడ్ క్యాన్సర్ వచ్చి నయమైంది. మళ్లీ తిరగబెడుతుందేమోనన్న బెంగ మాత్రం తల్లిని వదల్లేదు. తుమ్మినా దగ్గినా ఆసుపత్రికే పరుగు. "రండక్కా, ఇవాళ ఏ వేలు నొప్పి?" అని నర్సు నవ్వుతుంది. ఆమె కూడా నవ్వుతుంది గానీ, రక్తపరీక్ష చేయించందే కదలదు.

ఈసారి పిక్కల మీద నీలంగా కమిలిన మచ్చలు కనిపించాయి. దేనికి కొట్టుకుందో పిల్లకే గుర్తు లేదు. ఈసారి నర్సు నవ్వలేదు. డాక్టరు రక్తం తీయించి, మధ్యాహ్నం ఫోన్ చేస్తానన్నాడు. ఆ మధ్యాహ్నమే బడిలో ఈతపోటీ.

"కబురొచ్చేదాకా నీళ్లలో దిగకే," అంది తల్లి.

"ఈ ఒక్కరోజూ నన్ను రోగిష్టిదాన్ని చెయ్యకమ్మా, నీకు దండం పెడతా!"

ఆమె ఫోను చేత్తో పట్టుకుని బడి ఈతకొలను గట్టున బెంచీ మీద కూర్చుంది. విజిల్ మోగింది, పిల్ల దూకింది, సరిగ్గా అప్పుడే ఫోనూ మోగింది.

"అమ్మా, రక్తకణాలన్నీ బాగున్నాయి. అవి ఉత్త దెబ్బలే," అన్నాడు డాక్టరు.

ఆమె ఒక్క ఉదుటున బెంచీ ఎక్కి, "కానీ తల్లీ, కానీ!" అని గొంతు చించుకుని అరిచింది. కొలను చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

పక్కనున్న పెద్దాయన ఆ సంబరానికి ముచ్చటపడి, "మీ పిల్లే ముందుందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు బాబాయ్‌గారూ," అంది కళ్లు తుడుచుకుంటూ. "అందరికన్నా ఆఖర్న వస్తోంది చూడండి, అదే మా పిల్ల!"