అంజి పెట్టె

బందరు నుంచి గుడివాడ వెళ్ళే ప్యాసింజరులో చేపలమ్మే ఆడవాళ్ళందరివీ వెదురు గంపలు. అంకమ్మది మాత్రం నల్లటి ఇనప్పెట్టె. కార్గిల్ యుద్ధంలో చనిపోయిన ఆమె కొడుకు అంజి సామాన్లు మిలిటరీవాళ్ళు అందులోనే పంపారు. మూతమీద తెల్లరంగుతో అతని పేరూ నంబరూ, లోపల ఎండు నెత్తళ్ళు. రాజుల కత్తులు ఏ మ్యూజియంలో ఉన్నాయో పుస్తకాల్లో దొరుకుతుంది గానీ, సిపాయిల పెట్టెలు ఏమవుతాయో ఎవరూ రాయరు. అంకమ్మ దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, రైలు కుదిపినప్పుడల్లా మూతను అరచేత్తో అదిమి పట్టుకుంటుంది.

ఒకరోజు ఎదురుగా కూర్చున్న రిటైర్డు హవల్దారు ఆ పేరు చదివి, సంగతి కనుక్కుని మండిపడ్డాడు. "వీరుడి పెట్టెలో ఎండుచేపలా? నాకిచ్చెయ్యమ్మా, స్కూల్లో అద్దాల బీరువాలో పెట్టిస్తాను. నీకు కొత్తది కొనిస్తాలే." "దాన్నడక్కండి బాబుగారూ, మమ్మల్నే చెయ్యెయ్యనివ్వదు," అని పక్కావిడ నవ్వింది. అంకమ్మ నవ్వలేదు. "బట్టలు తీసేసినా అందులో ఆడి వాసనే వచ్చేదండీ. మూణ్ణెల్లు మూత తీసి వాసన చూసుకుంటా కూర్చున్నాను. అన్నం లేదు, యాపారం లేదు. నెత్తళ్ళు పోశాకే లేచి తిరుగుతున్నాను. మళ్ళీ ఖాళీ చెయ్యమనకండి." గుడివాడ వచ్చింది. హవల్దారు పెట్టెకు రెండోవైపు చెయ్యేసి ఎత్తాడు. "నీసంటుద్ది, వదిలెయ్యండి," అంది అంకమ్మ. ఆయన వదల్లేదు.