అద్దం బండి

1998 వానాకాలం. మియాపూర్‌లో మెయిన్ రోడ్డుకి వెనకగా, రెండంతస్తుల ఇంట్లో నడిచే ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను ఫిజిక్స్ టీచర్ని. మాది కర్నూలు. మనసులో మాట దాచుకోవడం చేతకాదని స్టాఫ్‌రూంలో నాకు పేరు. అటు మాదాపూర్‌లో హైటెక్ సిటీ లేస్తోంది. చుట్టుపక్కల గుట్టల్ని పేల్చి రోడ్లూ పునాదులూ వేస్తున్నారు. గాలి ఇటు తిరిగితే ఆ మోతలు మా తరగతుల దాకా వినిపించేవి.

ఊరంతా కంప్యూటర్ జపం. మా కరస్పాండెంట్ గారు, అంటే స్కూలు యజమాని, తనూ వెనకబడకూడదని ఒక గదిలో కంప్యూటర్లు పెట్టించారు. వాటికి పూలపూల గుడ్డ తొడుగులు కుట్టించి గదికి తాళం వేయించారు. పిల్లలు చెప్పులు విప్పి లోపలికెళ్లి, చేతులు కట్టుకుని చూసి రావాలి. తల్లిదండ్రులు వచ్చిన రోజున మాత్రం తొడుగులు తీసేవారు. ఆయనది కృష్ణా జిల్లా. మంచి మనిషే, పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. కొత్త వస్తువు ఎప్పటికీ కొత్తగానే ఉండాలన్నది ఒక్కటే ఆయన జబ్బు.

ఆ ఏడు ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ స్కూళ్ల మధ్య రోబో పోటీ పెట్టింది. దసరా సెలవులు అయిన వెంటనే మాదాపూర్‌లో ఒక హాల్లో ప్రదర్శన. రోబోని నడిపి చూపించాలి, దాని ఉపయోగం చెప్పాలి. కరస్పాండెంట్ గారు కరపత్రం నా చేతిలో పెట్టి, "మన స్కూలు పేరు పేపర్లో పడాలండి మేడమ్" అన్నారు. పదో తరగతి వాళ్లని కదిపే వీల్లేదు. మన దగ్గర పదో తరగతి పిల్లలు గైడ్లు తప్ప మరో వాసన పీల్చకూడదు. అందుకని తొమ్మిదో తరగతి నుంచి నలుగురిని తీసుకున్నాను. అందులో ముందు నిలిచింది ఇద్దరు, శ్రీకాంత్, మంజుల.

శ్రీకాంత్‌కి నమస్కారం పెట్టే రోబో చెయ్యాలని ఉంది. మంజుల ఆలోచన వేరు.

"మా నాయిన పనికి అక్కరకొచ్చేది చేద్దమా టీచర్?"

వాళ్ల నాన్న ఎల్లయ్య రాళ్లు కొట్టే మనిషి. మా స్కూలు పునాది రాళ్లు కూడా ఆయన కొట్టినవే. ఆ మొహమాటంతోనే కరస్పాండెంట్ గారు మంజులని స్కూల్లో చేర్చుకున్నారు. ఎల్లయ్య అప్పుడు గోపన్‌పల్లి వైపు ఒక గుట్టని పేల్చే పనికి కుదిరాడు. వానలు తగ్గి, దసరా వెళ్లాక పని మొదలు.

ఒకరోజు స్కూలు వదిలే వేళకి ఎల్లయ్యని పిలిపించి పిల్లలకి ఆ పని సంగతి చెప్పించాను. ఆయన బెంచీ మీద కూర్చోనన్నాడు. గోడకి ఆనుకుని నిలబడే చెప్పాడు.

"బండల బొక్కలు కొట్టి మందు కూరి వత్తి పెడ్తం. ముట్టిచ్చి దూరం ఉరుకుతం. ఇగ చెవులు పెట్టి లెక్క వెట్టుకోవాలె. పది పెడ్తే పది మోతలు రావాలె. ఒక్కటి తక్కువొచ్చిందనుకో, ఎవరన్న పోయి చూడాలె."

"ఎవరు పోతారు అంకుల్?" శ్రీకాంత్ అడిగాడు.

"ముట్టిచ్చినోడే పోవాలె. అది మా దిక్కు రివాజు. ఇంకొకన్ని పంపుతే పాపం తగుల్తది."

"పోయి ఏం చూడాలి?"

"పొగ. బొక్కల పొగ ఉంటే వత్తి లోపల కుములుతున్నట్టు. ఎనక్కి ఉరకాలె. పొగ లేకుంటే సచ్చిన వత్తి, ఫికర్ లేదు. అయితే దగ్గరికి పోతేగాని పొగ కండ్లవడదు. గదే తిప్పలు."

"కాసేపు ఆగి వెళ్లొచ్చుగా?" అన్నాను నేను.

ఎల్లయ్య నవ్వాడు. "మేస్త్రీ ఆగనిస్తడా టీచరమ్మా? కింద లారీలు నిలవడి ఉంటయ్."

పిల్లలు చేయదలచింది అప్పటికి నాకు అర్థమైంది. మనిషికి బదులుగా పోయి ఆ పొగ చూసి వచ్చే బండి.

కెమెరాలూ అవీ మా తాహతుకి మించినవి. ఒక చిన్న ఇనుప చట్రం, నాలుగు చక్రాలు, దాని మీద నిలబెట్టిన కడ్డీ, కడ్డీ చివర ఏటవాలుగా స్కూటర్ అద్దం. బండి బొక్క దగ్గరికి వెళ్తే లోపలిది అద్దంలో పడుతుంది. దూరంగా బండ చాటు నుంచి బైనాక్యులర్స్‌తో చూడాలి. అవి శ్రీకాంత్ మామయ్యవి. మోటార్ల కోసం మూసాపేటలో పాత కార్ల సామాన్లు అమ్మే కొట్ల చుట్టూ తిరిగి ఒక పాత బ్యాటరీ, రెండు వైపర్ మోటార్లు తెచ్చాం. కారు అద్దం తుడిచే పుల్లని ఆడించే మోటారు అది. లోపల పళ్లచక్రాలు ఉంటాయి కనుక నెమ్మదిగా తిరిగినా బలం ఎక్కువ. ఒక్కో పక్కకి ఒక్కో మోటారు, ఒక్కోదానికి ఒక్కో డీపీడీటీ స్విచ్. ఆ స్విచ్‌ని ఇటు నొక్కితే చక్రం ముందుకి, అటు నొక్కితే వెనక్కి. రెండు చేతులతో రెండు స్విచ్‌లూ ఆడిస్తే బండి ఎటంటే అటు తిరుగుతుంది. చేతిలోని స్విచ్‌ల నుంచి బండి దాకా వెళ్లే వైరు పొడవైతే కరెంటు నీరసపడి మోటార్లు మూలిగేవి. టెంట్ హౌస్ అతను పెళ్లి దీపాలకి వాడే లావు వైరు ఇచ్చాక ఆ జబ్బు కుదిరింది.

తక్కిన పిల్లలు పోటీ తేదీ చూసుకుని పనిచేశారు. మంజుల ఒక్కతే దసరాని చూసుకుని పనిచేసింది. ఇంటర్వెల్‌లో, డ్రిల్ పీరియడ్‌లో, స్కూలు వదిలాక, ఎప్పుడు చూసినా ల్యాబ్‌లో నేల మీద కూర్చుని మరలో, వైర్లో బిగిస్తూ ఉండేది. "ఇంకా టైముంది కదే" అని శ్రీకాంత్ విసుక్కుంటే, "నీకున్నది, నాకు లేదు" అనేది. మంజుల తొందర వల్లే పోటీ గడువు కంటే చాలా ముందుగా బండి తయారైంది. ల్యాబ్ నేల మీద గడపలు దాటింది, ఇటుకలు ఎక్కింది. పిల్లలు దానికి అద్దం బండి అని పేరు పెట్టారు.

సెలవులిచ్చే రోజు మంజుల నన్ను పక్కకి పిలిచింది.

"టీచర్, పండగనాడు మా గుడిసెల కాడ సుత్తెలు, గునపాలు, సమ్మెటలు అన్నీ పెట్టి పూజ చేస్తరు. తెల్లారి నుంచి గుట్ట మీద పని. బండిని గూడ పూజల వెట్టి, నాయినకు నడుపుడు నేర్పిస్త. జర ఇయ్యుర్రి."

నేను సరేనన్నాను. బండి తీసుకుందామని వెళ్తే ల్యాబ్‌లో లేదు. కరస్పాండెంట్ గారి గదిలో బల్ల మీద ఉంది. దానికి తెల్లటి థర్మోకోల్ తొడుగు, ఎర్ర అట్ట నోరు, రెండు చేతులు, చేతుల మధ్య పూలగుత్తి పెట్టడానికి ఒక గొట్టం. అద్దం కడ్డీ ఊడదీసి మూలన పెట్టారు. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చంగా అది.

"చీఫ్ గెస్ట్ గారికి బొకే ఇది ఇస్తుందండి. హాలంతా చప్పట్లే" అన్నారాయన మెరిసే కళ్లతో.

విషయం చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు.

"రాళ్ల మీదకా! గీతలు పడిపోతాయండి. ముందు చీఫ్ గెస్ట్ గారి చేత ప్రారంభం కానివ్వండి, పూజ కూడా అక్కడే చేయిద్దాం. తర్వాత ఆ అమ్మాయి ఇష్టం. నేను వద్దన్నానా?"

"ఇది వాళ్ల నాన్న ప్రాణానికి సంబంధించిందండీ" అన్నాను.

"అయ్యో, ఇన్నేళ్ల నుంచి చేస్తున్న పనే కదండీ ఆయనది!"

నేను గట్టిగానే అరిచాను. స్టాఫంతా గుమ్మంలో నిలబడి విన్నారు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. నవ్వుతూనే గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, ఆ సాయంత్రమే పిల్లాపాపలతో వాళ్ల ఊరికి బయల్దేరిపోయారు. మంజుల వరండాలో స్తంభం పక్కన అంతా వింది. తనని ఫీజు లేకుండా చదివిస్తున్న మనిషి ఎదుట నోరెత్తలేకపోయింది.

పండగ మర్నాడు మధ్యాహ్నం శ్రీకాంత్ సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. వగరుస్తూ ముక్కముక్కలుగా చెప్పాడు. గుట్ట మీద ఒక మోత తక్కువ వచ్చింది. కింద లారీలు ఆగి ఉన్నాయి, మేస్త్రీ కేకలు వేస్తున్నాడు. ముట్టించింది ఎల్లయ్య, కనుక ఎల్లయ్యే వెళ్లాడు. బొక్క మీదికి వంగిన క్షణంలో అది పేలింది.

దవాఖానలో ఆయన మొహమంతా కట్టు. కుడి చెయ్యి మణికట్టు దాకా లేదు. రెండు కళ్లూ పోయాయని డాక్టర్ అప్పటికే చెప్పేశారు. మంజుల మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నా గొంతు గుర్తుపట్టి ఎల్లయ్య అడిగాడు.

"బండి అయిందా టీచరమ్మా?"

"అయింది ఎల్లయ్యా."

"మరి తేలేదేంది?"

మంజుల నా మొహం చూసి తల దించుకుంది.

సెలవుల తర్వాత కరస్పాండెంట్ గారు సంగతి విని కుర్చీలో కూలబడ్డారు. నిజంగానే ఏడ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దవాఖానకి పళ్లు పంపారు. పోటీకి పేరు ఇచ్చేశాం గనక శ్రీకాంత్ నడిపిస్తాడని అనుకున్నాం. పోటీ రోజు పొద్దున మంజుల యూనిఫాం వేసుకుని తనే వచ్చింది. "రెండు స్విచ్‌లు వానికి సక్కగ రావు టీచర్" అంది.

నున్నటి స్టేజీ మీద బండి జారిపోతున్నట్టు వెళ్లి చీఫ్ గెస్ట్ ముందు ఆగింది. బొకే అందింది, హాలు చప్పట్లతో మోగింది. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మైకు తీసుకుని అడిగారు.

"బాగుందమ్మా. ఇది బొకే ఇవ్వడానికేనా, ఇంకేమైనా చేస్తుందా?"

మంజుల వంగి ఎర్ర నోరున్న ఆ తొడుగుని పైకి లాగేసింది. లోపల తుప్పు చట్రం, వైర్లు బయటపడ్డాయి.

"దీని మీద అద్దం ఉండె సార్. గుట్టల మీద తూటా పేలకుంటే ఇది పోయి చూసొస్తది. మనిషి పోయే పని లేదు."

"చాలా మంచి ఆలోచన. అక్కడికి తీసుకెళ్లి నడిపి చూశారా?"

"లేదు సార్. తాళమేసి పెట్టిండ్రు."

మొదటి వరసలో మా కరస్పాండెంట్ గారు మొహాన్ని చేతులతో కప్పుకున్నారు. మాకు రెండో బహుమతి వచ్చింది. షీల్డ్ అందుకోవడానికి మంజుల స్టేజీ ఎక్కలేదు.

మర్నాడు ఆయనే బండిని తన కారులో పెట్టించి, "తీసుకెళ్లండి మేడమ్" అన్నారు. నేనూ మంజులా కలిసి అద్దం కడ్డీ మళ్లీ బిగించి గోపన్‌పల్లి గుట్టకి తీసుకెళ్లాం. ఎల్లయ్య స్థానంలో ఇప్పుడు ఆయన తమ్ముడు మల్లేశు వత్తులు ముట్టిస్తున్నాడు. రోజూ వెళ్లి బండ చాటున కూర్చునేవాళ్లం. మూడో రోజున ఒక మోత తక్కువ వచ్చింది.

మంజుల స్విచ్‌లు అందుకుంది. అద్దం బండి కదిలింది. పేలిన రాళ్ల ముక్కల మీద ఊగుతూ, ఒరుగుతూ ఎక్కింది. నేను బైనాక్యులర్స్‌ని కళ్లకి నొక్కుకుని చూస్తున్నాను. సగం దూరం వెళ్లాక ముందు చక్రం రెండు రాళ్ల సందులో దిగిపోయింది. వెనక్కి నడిపినా, ముందుకి నడిపినా మోటార్లు గీపెట్టడమే తప్ప బండి కదల్లేదు. ల్యాబ్‌లో ఎక్కిన ఇటుకలన్నీ ఒకే ఎత్తువి. ఇక్కడి రాళ్లకి ఎత్తూ లేదు, వరసా లేదు.

"గీ బొమ్మతోని ఏమైతదే!" అంటూ మల్లేశు లేచాడు. "చిన్నాయినా, వద్దు" అని మంజుల అరుస్తూనే ఉంది. అతను వినలేదు. వెళ్లి, బొక్కలోకి తొంగి చూసి, బండిని భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. అది చచ్చిన వత్తి. అదృష్టం తప్ప మరేమీ కాదు.

ఆ క్షణం దాకా నా కోపం చాలా సులువైన కోపం. గదికి తాళం వెయ్యకపోతే ఎల్లయ్యకి కళ్లు ఉండేవి అనుకుంటూ వచ్చాను. ఆ గుట్ట మీద అది కూడా నమ్మకంగా చెప్పలేనని తెలిసింది. ఆ రోజు తీసుకెళ్లినా బండి ఇలాగే ఇరుక్కునేదేమో, ఎల్లయ్య ఇలాగే లేచి వెళ్లేవాడేమో. కాకపోతే పని మొదలు కాకముందే ఆ గుట్ట మీద ఒకసారి తిప్పి ఉంటే చక్రం సంగతి అప్పుడే బయటపడేది. మార్చుకోవడానికి ఒక్క అవకాశమైనా ఉండేది. తాళం వేసింది ఆ అవకాశానికి. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు.

మంజుల మాత్రం ఏడవలేదు. బండిని ఒళ్లో పెట్టుకుని చక్రాన్ని జానతో కొలిచింది.

"చిన్నగైంది టీచర్. దీనికి రెండింతలుండాలె."

బండిని మంజుల దగ్గరే ఉంచి, నేను మూసాపేట వెళ్లి పెద్ద చక్రాలు వెతికి తెచ్చేసరికి కొన్నాళ్లు పట్టింది. అప్పటికే మంజుల స్కూలుకి రావడం మానేసింది. చక్రాలు పట్టుకుని వాళ్ల గుడిసెల దగ్గరికి వెళ్తే అక్కడ పొయ్యిరాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ గుట్ట పని అయిపోయిందట. రాళ్లు కొట్టేవాళ్లు పని ఎటుంటే అటు కదిలిపోతారు. గుడ్డి తండ్రిని, అద్దం బండిని తీసుకుని ఏ గుట్టకి పోయారో చెప్పగలిగిన వాళ్లు దొరకలేదు.

తర్వాత మరో రెండు స్కూళ్లలో పనిచేశాను. ఎక్కడా నా ల్యాబ్ బీరువాకి తాళం వెయ్యనివ్వలేదు. సామాన్లు విరిగాయి, పగిలాయి, యాజమాన్యాల చేత చీవాట్లు తిన్నాను. ఆ పెద్ద చక్రాలు నాతోనే తిరిగాయి. బీరువా మీద కనబడితే పిల్లలు ఊరుకోరు కదా, ఇవి ఏ బండివి టీచర్ అని అడుగుతారు. ముందు మీరు చేసిన దాన్ని బయటికి తీసుకెళ్లి రాళ్ల మీద తిప్పి రండి, తర్వాత చెప్తాను అంటాను.