బాలి, దుబాయ్, మాల్దీవులు, కోదాడ బస్టాండు

ఖరీదైన విహార స్థలాల్లో ఏది మంచిదని నన్నెవరైనా అడిగితే ముందు నవ్వొస్తుంది. నేను సూర్యాపేటలో పురుగుమందుల దుకాణం నడుపుతాను. పొద్దున షట్టర్ ఎత్తగానే ముక్కుకు తగిలే మందుల వాసన, సాయంత్రం ఇంటికి పోయి స్నానం చేసినా వదలదు. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలను. బాలిలో గది తలుపు తీస్తే ఎదురుగా మనకొక్కరికే ఈతకొలను ఉంటుంది. దుబాయ్‌లో పొద్దుటి టిఫిన్ల వరస ఒక చివర మొదలుపెడితే, రెండో చివరకు చేరేలోపే కడుపు నిండిపోతుంది. మాల్దీవుల్లో ఇల్లే నీళ్ల మీద ఉంటుంది. మంచం పక్కన నేలలో అద్దం, అద్దం కింద చేపలు. ఈ మూడూ చూశాను. సొంత ఖర్చుతో కాదు, కంపెనీ తీసుకుపోతే చూశాను.

మా వ్యాపారంలో అదొక ఆచారం. కంపెనీ ఏటా ఒక టార్గెట్ పెడుతుంది. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ కలిపి అంత సరుకు అమ్మిన డీలర్లను ఎండాకాలంలో విదేశీ టూర్‌కు తీసుకుపోతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, హాలియా, తుంగతుర్తి డీలర్లందరం ఒకే బస్సులో శంషాబాద్ పోతాం. అందరికీ ఒకే రంగు టోపీలు. ఏ దేశంలో దిగినా ముందు కంపెనీ బ్యానర్ పట్టుకుని ఫోటో దిగాలి, ఆ తర్వాతే మంచినీళ్లు. మొదట్లో మగవాళ్లమే పోయేవాళ్లం. బ్యాంకాక్ నుంచి తిరిగొచ్చాక కొన్ని ఇళ్లలో గిన్నెలు ఎగిరాయి. దాంతో కంపెనీ జాగ్రత్తపడి జంట టూర్లు పెట్టింది. డీలర్‌కు ఒక టికెట్, భార్యకు ఒక టికెట్.

నాకు చిక్కు ఆ రెండో టికెట్‌తోనే వచ్చింది. నా భార్య అప్పటికే కోదాడలో ఉంటోంది.

మేమిద్దరం పోట్లాడుకుని విడిపోలేదు. వాళ్లమ్మకు జబ్బు చేస్తే చూసుకోవడానికి పుట్టింటికి పోయింది. అత్తగారు పోయాక కర్మకాండలన్నీ దగ్గరుండి జరిపించాను. ఇంటికి పోదామంటే కొన్నాళ్లు ఆగమంది. ఆ కొన్నాళ్లలోనే అక్కడొక బడిలో టీచరుగా చేరింది. పెద్దమనుషులను వెంటబెట్టుకుని పోయాను. వాళ్లకు మంచి భోజనం పెట్టి, "నాకిక్కడ బాగానే ఉందండీ" అంది. అంతే. కోర్టు లేదు, కాగితం లేదు. పిల్లలు లేరు కాబట్టి మధ్యలో అటూ ఇటూ తిరిగేవాళ్లూ లేరు. నేను దుకాణంలో మాత్రం "మా ఇంట్లో" అనే మాట మానలేదు. ఇంట్లో ఎవరూ లేని సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం తాళం తీసి లోపలికి పోతే, పొద్దున నేను వదిలిన గ్లాసు వదిలిన చోటే ఉండేది. దాన్ని చూస్తే నాకు చాలా కష్టంగా ఉండేది.

జంట టూర్ కబురు వచ్చిన రోజు, రాదని తెలిసే ఫోన్ చేశాను.

"కంపెనీ టూర్ ఉంది. భార్య ఉండాల్నంట. వస్తవా?" అన్నాను.

"ఎక్కడికండీ?" అంది.

"బాలి."

"అక్కడ అన్నం దొరుకుతుందా?"

ఆ ప్రశ్నతోనే ఆమె వస్తోందని నాకు అర్థమైంది. కుక్కర్, బియ్యం నేను తేవాలి, పచ్చళ్లు, పొడులు తను తేవాలని మాట్లాడుకున్నాం. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నాను. బియ్యం మిర్యాలగూడ డీలరు తన తోడల్లుడి మిల్లు నుంచి తెప్పించాడు. అతను నన్ను అన్నా అంటాడు, నోరు ఊరుకోదు. ఆమె సూర్యాపేట బస్టాండుకే వచ్చి నాతో పాటు బస్సెక్కింది. మమ్మల్నిద్దరినీ పక్కపక్కన చూసి అతను, "ఏందన్నా, కొత్త పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్!" అని మొదలుపెట్టాడు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వింది.

బాలి గదిలో ఒకటే మంచం. దాని మీద పువ్వులు, తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు. ఆమె హంసలను చెడగొట్టకుండా ఎత్తి మంచం మధ్యలో పెట్టింది. అటు తను, ఇటు నేను. వాటికి కాపలా బాధ్యత అప్పగించినట్టు పడుకున్నాం.

మర్నాడు సాయంత్రం పప్పు చారు చేస్తానంది. అన్నం వండిన కుక్కర్ గిన్నెలోనే ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టింది. ఆ ఘాటుకు పైకప్పులో ఉన్న, పొగను పసిగట్టే యంత్రం కూత మొదలుపెట్టింది. క్షణాల్లో హోటలంతా అదే కూత. తెల్లవాళ్లు తడి బట్టలతో, మా డీలర్లు లుంగీలతో, వాళ్ల భార్యలు నైటీల మీద తువ్వాళ్లు కప్పుకుని పచ్చిక మీదికి పరుగెత్తుకొచ్చారు. హోటల్ మేనేజరు ఒక్కొక్క జంటనూ చూస్తూ ఏదో అడుగుతున్నాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుంది. భయంతో కాదు, నవ్వాపుకోలేక. నేను కూడా నవ్వాను. పెళ్లయ్యాక మేము అంతగా కలిసి నవ్విన సందర్భం ఇంకొకటి నాకు గుర్తు లేదు.

అసలు తంటా తిరుగు ప్రయాణంలో ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు సూర్యాపేట ముందు, కోదాడ తర్వాత. నేను దిగి ఆమె దిగకపోతే బస్సంతా చూస్తుంది. అందుకని సూర్యాపేట వచ్చినా నేను లేవలేదు. "అత్తగారింట్ల పని ఉంది" అన్నాను. అత్తగారు లేరన్న సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరం కోదాడలో దిగాం. టూర్ బస్సు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వైపు మళ్లింది. బస్టాండులో చాయ్ తాగాం. ఆమె పచ్చడి డబ్బాలు తీసుకుంది, కుక్కర్ నా సంచిలో పెట్టింది. "బీపీ మాత్ర మరిచిపోకండి" అని ఆటో ఎక్కింది. నేను సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కి, వచ్చిన దారినే వెనక్కి వచ్చాను.

ప్రతి టూర్‌కూ అదే తంతు. దుబాయ్ నుంచి వచ్చినా అంతే, మాల్దీవుల నుంచి వచ్చినా అంతే. టార్గెట్ కోసం నేను ఎంత పాకులాడేవాడినో మా సేల్స్ ఆఫీసర్‌కు తెలుసు, ఎందుకో తెలియదు. విదేశీ పిచ్చి అనుకునేవాడు.

మూడింటిలో ఏది గొప్పదంటే మాల్దీవులే అంటాను. చేపలను చూసి కాదు. ఆ దీవిలో బజారు లేదు, పోదామంటే దారి లేదు, ఫోన్‌కు సిగ్నల్ కొనుక్కోవాలి, నేను కొనలేదు. చెక్క మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి మాట్లాడుకోవడం తప్ప పని లేదు. ఆమె తన బడి సంగతులు చెప్పింది. నేను మా నాన్న గొర్రెలు కాసిన రోజుల సంగతులు, ఆమెకు ఎన్నడూ చెప్పనివి చెప్పాను. వాన నీళ్లకు మంద చెదిరిపోతే, ఆయన ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచేవాడని చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. ఆ రాత్రి మంచం మీద హంసలు లేవు. ఆమె వాటిని ముందే తీసి కుర్చీలో పెట్టేసింది.

అయినా బస్సు కోదాడలోనే ఆగింది. ఆమె ఆటోలో పోతుంటే పిలుద్దామనుకున్నాను. ఇంటికి పోదాం రా అనే ఒక్క మాట. వచ్చే ఏడు టూర్‌లో అడుగుదాంలే అనుకున్నాను.

ఈ ఏడు టూర్ లేదు. కంపెనీ స్కీమ్ మార్చింది. టార్గెట్ కొట్టిన వాళ్లకు రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్ ఇస్తామంది. ఆ కబురు ఫోన్లో మిర్యాలగూడ డీలరే చెప్పాడు.

"గంత పెద్ద ఫ్రిజ్ నువ్వు ఒక్కనివి ఏంజేస్కుంటవన్నా?" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నట్టున్నాడు.

"ఒక్కనివి అంటున్నవేంది?" అన్నాను.

"మాకు తెల్వదా అన్నా? కోదాడల దిగి నువ్వు మళ్ల ఎనక్కి బస్సెక్కంగ కోదాడ డీలర్లు ఎప్పుడో సూసిండ్రు. ఎవ్వరు నోరిప్పొద్దని మా ఆడోల్లు ఒట్టు వెట్టించుకున్నరు. గాడ టూర్ల మీరిద్దరు మంచిగుంటరు గద. మనం అంటే వదిన రావుడు బంద్ చేస్తదేమోనని."

ఫోన్ పెట్టేశాక కాసేపు గల్లా దగ్గర ఊరికే కూర్చున్నాను. అంత నోరున్న మనిషి, బస్సు నిండా మనుషులు, ఇన్నేళ్లు నాకోసం మూసుకుని కూర్చున్నారు. సిగ్గేసింది, కళ్లూ చెమ్మగిల్లాయి.

ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేశాను. "ఈసారి టూర్ లేదు. ఫ్రిజ్ ఇస్తరంట" అన్నాను.

"అలాగా" అంది.

"బస్సుల అందరికీ ఎరుకేనంట. మన సంగతి."

"నాకు తెలుసండీ. దుబాయ్‌లోనే మిర్యాలగూడ డీలరు గారి భార్య నాతో అంది."

"మరి ఎట్ల వచ్చినవ్ ఆ తర్వాత?"

వెనక బడిపిల్లల ట్యూషన్ గోల వినిపిస్తోంది. వాళ్లను ఊరుకోమని చెప్పి, అప్పుడంది. "అక్కడైతే మీరు నాతో మాట్లాడతారండీ. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మీరు ఫోన్లో రైతులతో మాట్లాడితే వినడమే తప్ప, నాతో ఏం మాట్లాడారు? సముద్రం కోసం వచ్చాననుకున్నారా?"

అడగాల్సిన మాట ఇప్పుడే అడగాలి.

"టూర్ లేకున్నా వస్తవా?" అన్నాను.

"ఎక్కడికండీ?" అంది. మొదటిసారి బాలికి అడిగినట్టే అడిగింది.

"ఇంటికి" అనబోతుండగా నా చెవిలో టిక్కు టిక్కుమని ఇంకో ఫోన్ వస్తున్న చప్పుడు. చూశాను. మోతె నుంచి ఒక రైతు. వరిలో పురుగు పడ్డ రోజులు. ముప్పై ఏళ్ల అలవాటు నా చేతిది. "ఒక్క నిమిషం ఆగు" అన్నాను.

"వరిల మొగిపురుగు వడ్డది సేటూ, ఏం గొట్టాలె?" అన్నాడు రైతు. మందు పేరు చెప్పాను, ఎకరానికి ఎంతో చెప్పాను, సాయంత్రం పూట కొట్టమన్నాను. తిరిగి ఇటు వచ్చేసరికి ఆమె లేదు.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంకాసేపటికి మెసేజ్ వచ్చింది. "కుక్కర్ మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి."

ఇవ్వనని రాసి పంపాను. చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. ఆమేమోనని చూశాను, హాలియా రైతు. ఎత్తకుండా గల్లా మీద పెట్టి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు మోగి, అదే ఆగిపోయింది.