బోర్డు మీద రెండక్షరాలు

భోజనాలయ్యి మిషన్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి, చొక్కాలకు గుండీలు కుట్టే గుండీలక్క పేరు పక్కన బోర్డు మీద సుద్దముక్కతో ఓటీ అని రాసి ఉంది. ఆ కుట్టుపని షెడ్డులో అదే రివాజు. అడగడాలు, చెప్పడాలు లేవు. సూపర్‌వైజర్ రాశాడంటే సరుకు పూర్తయ్యేదాకా గేటు తెరవరు. ఓవర్‌టైమ్ అని పూర్తిగా రాయడానికి కూడా ఆ మహానుభావుడికి తీరిక ఉండదు.

గుండీలక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చెల్లెలు ఇదే షెడ్డులో ఇస్త్రీ ప్రెస్సు దగ్గర పనిచేసేది. వరసపెట్టి ఓటీలు చేయిస్తే, నిలబడ్డచోటే కునుకు పట్టి ఆ పిల్ల కుడిచెయ్యి వేడి ప్రెస్సు కింద ఇరుక్కుంది. ఆసుపత్రికి పరిగెత్తితే "ఓటీలోకి తీసుకెళ్ళారు, బయట కూర్చోండి" అన్నారు. అక్కడ ఓటీ అంటే ఆపరేషన్ గది. గాయం మానాక పంపిన ఇంకో గది తలుపు మీదా అవే అక్షరాలు. ఆక్యుపేషనల్ థెరపీ, అంటే చేతులకు మళ్ళీ పని నేర్పే వైద్యమట. షెడ్డు ఓటీ చేసిన నిర్వాకానికి ఆసుపత్రిలో రెండు ఓటీల చుట్టూ తిరగాల్సి వచ్చింది!

ఈ సాయంత్రం ఇంటి మనిషి వచ్చి, వేళ్ళు ఎలా సాగదీయాలో నేర్చుకోవాలని థెరపీ చేసే అమ్మాయి గట్టిగా చెప్పింది. ఆలస్యం చేస్తే వేళ్ళు బిగుసుకుపోతాయట.

"సార్, ఇవాళ నావల్ల కాదు. చెల్లి దగ్గరికి వెళ్ళాలి."

"ఎవరికో ఒకరికి రోజూ ఏదో ఒకటి ఉంటుందమ్మా. బోర్డు మీద రాసేశాగా!" అన్నాడు సూపర్‌వైజర్.

"రాసింది మీరు. నన్నడిగారా? దాని చెయ్యి కాలిన రోజూ ఇలాగే రాసేశారు!"

షెడ్డంతా కుట్టడం ఆపి చూస్తోంది. గుండీలక్క అరచేత్తో ఆ అక్షరాలు తుడిచేసింది. గంట కొట్టేదాకా తన పని తాను చేసి, గేటు దగ్గర గొడవపడి మరీ బయటపడింది.

థెరపీ గదిలో చెల్లెలి ముందు ఒక పాత చొక్కా ఉంది. మచ్చలు పడ్డ వేళ్ళతో గుండీ పట్టుకుని, జార్చుకుని, మళ్ళీ పట్టుకుని, చివరికి కాజాలోకి దూర్చింది. మొహం వెలిగిపోయింది.

"చూశావా అక్కా! త్వరలోనే పనిలోకి వచ్చేయొచ్చు. సార్‌తో చెప్పవూ?"

గుండీలక్కకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. సుద్ద అంటిన చేత్తోనే ఆ వేళ్ళు పట్టుకుంది.

"చెప్తానే. కానీ నీ పేరు పక్కన ఆ రెండక్షరాలు మళ్ళీ రాశాడో, బోర్డు ఊడబెరికి వాడి నెత్తినే వేస్తాను."