ఉగాకి అయిదో అభ్యంతరం

ఉగాకి కిన్యా చెక్క మీద అక్షరాలు చెక్కే మనిషి. నలభై ఏళ్లపాటు ఆ పాత వీధిలో దుకాణాలన్నిటికీ ఆయన చెక్కినవే బోర్డులు. వేళ్లు వణకడం మొదలయ్యాక ఉలి పక్కన పెట్టి, వీధి అందచందాలు చూసుకునే సంఘానికి పెద్దయి కూర్చున్నాడు. అక్కడ ఎవరు కొత్త బోర్డు పెట్టాలన్నా ముందు ఆ సంఘానికి బొమ్మ గీసి చూపించాలి. "మాకు వేరే అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద సంఘం ముద్ర పడితేనే నగర కార్యాలయంలో ఫైలు కదులుతుంది.

ఆ ముద్ర చేతిలో పెట్టుకుని ఆయన వీధి వీధంతటినీ ఏడిపించుకు తిన్నాడు. మంగలి చేత ఎర్రదీపం తీయించాడు. నూడుల్స్ కొట్టు పసుపు జెండా దింపించాడు. చేపలమ్మే ఆవిడ ముచ్చటపడి గుమ్మం మీద పెట్టుకున్న ప్లాస్టిక్ పీతను కూడా వదల్లేదు. వాళ్లంతా తల వంచి సరేననేవాళ్లు, ఇంటికెళ్లి తిట్టుకునేవాళ్లు. ఎదురుపడితే వంగి నమస్కరించేవాళ్లే గాని, లోపలికొచ్చి ఒక గుక్క టీ తాగి వెళ్లమన్న పాపాన ఎవరూ పోలేదు. భార్య సుమికో ఉన్నన్నాళ్లూ ఆయనకు ఆ లోటు తెలియలేదు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఈలోగా తొమ్మిదిమంది సంఘసభ్యుల్లో కొందరు పోయారు, కొందరు ఇళ్లమ్ముకుని వెళ్లారు. మిగిలిన ఇద్దరూ "మీరెలా అంటే అలాగే" అని ఫోన్లోనే తేల్చేస్తారు.

అలాంటి రోజుల్లో మూడిళ్లు కలిపి అక్కడొక హోటల్ కట్టారు. బోర్డు నమూనా చూపించడానికి అమామియా చినత్సు అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై కూడా ఉండవు. సంఘం గదిలో ఉగాకి అలవాటు కొద్దీ సభ్యులు కూర్చునే తొమ్మిది దిండ్లు వరసగా పరిచి, ఒకదాని మీద తను కూర్చున్నాడు.

"మిగతావాళ్లు వచ్చేదాకా ఆగుదామాండీ?" అంది చినత్సు.

"వాళ్లు రారు. చూపించు."

బోర్డు నియమం కంటే రెండు వేళ్లు వెడల్పుంది. అది నిజంగా తప్పే. వారం తిరిగేసరికి ఆమె దిద్దుకొచ్చింది, తోడుగా ఒక ఎర్రచిక్కుళ్ల మిఠాయి పెట్టె తెచ్చింది. అప్పుడే ముద్ర వేసెయ్యాల్సింది. కానీ ఆ పిల్ల రెండు కప్పుల టీ తాగింది. అక్షరం తోక సన్నగా తేలడానికి ఏ ఉలి వాడతారని అడిగింది. ఉగాకిని ఎవరైనా ఏదైనా అడిగి ఆరేళ్లు. గంటసేపు చెప్పి, ఆమె కాగితాలు సర్దుకుంటుంటే "ఈ నలుపు మరీ మెరుస్తోంది" అనేశాడు.

మూడోసారి బోర్డుకు పెట్టే దీపాన్ని తప్పుపట్టాడు. నాలుగోసారి అక్షరాల మధ్య గాలి ఆడడం లేదన్నాడు. దానికి అర్థమేమిటో ఆయనకే తెలియదు. ఆమె మాత్రం శ్రద్ధగా రాసుకుని వెళ్లింది. గురువారం ఆమె వస్తోందంటే ఆయన బుధవారమే గది తుడిచి, మంచి రకం టీ ఆకు కొని, ఏరు దాటి వెళ్లి క్షవరం చేయించుకొచ్చేవాడు. వీధిలో మంగలి ఏనాడో కొట్టు కట్టేసి వెళ్లిపోయాడు మరి.

అయిదో గురువారం చినత్సు కాగితాల చుట్ట లేకుండా వచ్చింది. ఒక్క ఫొటో ముందు పెట్టింది.

"బోర్డు చెక్కించేశామండీ. మా మేనేజరు ఇక ఆగలేకపోయారు."

ఉగాకి కళ్లజోడు పెట్టుకుని చూశాడు. అక్షరాలు బాగానే ఉన్నాయి. కానీ చెట్టు కొసవైపు చూడాల్సిన చెక్క చారల మొనలన్నీ నేలకేసి చూస్తున్నాయి. చెట్టు నిలబడ్డట్టే చెక్కనూ నిలబెట్టాలి, వేరువైపు కిందికి, కొసవైపు పైకి. గుమ్మం దగ్గర చెక్కను తలకిందులుగా నిలబెడితే ఆ ఇల్లు అచ్చిరాదని పనివాళ్లు మొదటి ఏడాదే నేర్చుకుంటారు. ఏ యంత్రం ముందో కూర్చుని చెక్కినవాడికి అది పట్టలేదు. ఇన్నాళ్లకు నిజమైన తప్పు దొరికింది. చెప్పబోయాడు.

"ఉగాకిగారూ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోరుగా?" అంది చినత్సు, ఖాళీ దిండ్లకేసి చూస్తూ. "మీరు తప్పులు వెతకక్కర్లేదండీ. ఏ తప్పూ లేకపోయినా నేను టీకి వస్తాను."

ఆయన ఫొటో కింద పెట్టాడు.

"మా మేనేజరుక్కూడా తెలుసు. పాపం ఒక్కరే ఉంటారండీ అని రెండో వారమే నేను చెప్పాను. 'పెద్దాయన, ఇంకో నెల కానివ్వు' అన్నారు. ఆ నెల కూడా కలుపుకునే ప్రారంభం తేదీ పెట్టుకున్నాం. మీరేం మొహమాటపడకండి."

ఎగతాళి కాదు, ఆ పిల్ల ప్రేమగానే చెప్పింది. అందుకే ఉగాకికి తల కొట్టేసినట్టయింది. అయిదు వారాలుగా తను పరీక్ష చేస్తున్నాననుకుంటే, వాళ్లు తన మీద జాలిపడుతూ కూర్చున్నారు. ఇప్పుడు చెక్క తలకిందులుగా ఉందంటే ఏమవుతుంది? ఆమె మళ్లీ అంతే శ్రద్ధగా రాసుకుంటుంది. బయటికెళ్లి, పాపం ఇంకో వారం కావాలట అంటుంది. తప్పుందని తనంటే నమ్మేవాళ్లు ఇక లేరు. నమ్మకుండా చేసుకున్నది తనే.

"ఏమైనా కనిపించిందాండీ?"

"ఏం లేదు," అని ముద్ర తీసి కాగితం మీద నొక్కాడు. అది కొంచెం వంకరగా పడింది.

హోటల్ తెరిచిన రోజు పొద్దున్నే చినత్సు స్వయంగా వచ్చి ఆయన్ని పిలుచుకెళ్లింది. మేనేజరు నడుము వంచి, మీ సలహాల వల్లే ఇంత బాగా వచ్చిందన్నాడు. తెల్లగుడ్డ లాగారు. నిలువెత్తు బోర్డు, అక్షరాలు తిన్నగా, చెక్క తలకిందులుగా.

"ఎలా ఉందండీ?" అంది చినత్సు.

ఉగాకి తలెత్తి చూశాడు.

"బాగుంది."

చెడ్డపనిని బాగుందనడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ పిల్ల మొహం వికసించింది.

"అయితే వచ్చే గురువారం టీకి వస్తానండీ. మిఠాయి నేనే తెస్తాను."

"గురువారాలు నాకిక కుదరదమ్మా," అన్నాడు ఉగాకి. "పనుంది."

ఆయనకు ఏ పనీ లేదు.